మాట అరిచే కోతిలో ఉందా, వినే కోతిలో ఉందా?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తున్నా అందులో రెండున్నాయి. మొక్కజొన్న చేలోకి కోతులు రాకుండా స్పీకరు కట్టి పులి గాండ్రింపు, కోతులు భయపడ్డప్పుడు పెట్టే కేకలు వినిపించారు. మొదట్లో పరుగులు తీశాయి. కొన్నాళ్లకే ఆ స్పీకరు కట్టిన కర్ర పక్కన కూర్చుని కంకులు ఒలుచుకు తింటున్నాయి. వాటికి భాషంటూ ఉంటే ‘ప్రమాదం’ అన్న కేక వింటూ అలా ఎలా కూర్చుంటాయన్నది మొదటి ప్రశ్న. మనిషి భాష ఇలాంటి అరుపుల్లోంచే పెరిగి వచ్చిందా అన్నది రెండోది. రెంటికీ జవాబు ఒకే చోట ఉంది కాబట్టి కలిపే చెబుతాను. నేను జంతువుల ప్రవర్తన మీద పనిచేసినవాణ్ని. అందులో ఎక్కువ కాలం దక్షిణాది కోతుల వెంట తిరగడంతోనే సరిపోయింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తే మీకు చదవడం సులువు. కోతి అరుపుల్లో పదాలు వెతుక్కుంటూ పోతే పెద్దగా ఏమీ దొరకదు. ఆ అరుపు విన్న కోతి ఏం చేస్తోంది, ఎటు చూస్తోంది అని గమనిస్తే మాత్రం బోలెడంత దొరుకుతుంది. మన భాషకి పాత పునాది ఉన్నది వినేవాళ్ల వైపు. అరిచేవాళ్ల వైపు జరిగిన మార్పు చాలా వెనకొచ్చింది.

ఈ చర్చ ఎక్కడ మొదలుపెట్టినా కెన్యాలోని అంబోసెలీకి వెళ్లక తప్పదు. అక్కడి వెర్వెట్ కోతులు చిరుతపులిని చూస్తే ఒక రకంగా, డేగని చూస్తే ఇంకో రకంగా, పాముని చూస్తే మరో రకంగా అరుస్తాయని థామస్ స్ట్రుసేకర్ 1967లో రాశాడు. బాగానే ఉంది, కానీ ఒక అనుమానం మిగిలింది. అరుపు విని పారిపోతున్నాయా, లేక ఒకటి అరవగానే మిగతావి తలెత్తి, తమ కళ్లతోనే చిరుతని చూసి పారిపోతున్నాయా? రాబర్ట్ సెయ్‌ఫార్త్, డొరొతీ చీనీ దంపతులు 1977లో అక్కడికి వెళ్లి, పీటర్ మార్లర్‌తో కలిసి దీన్ని తేల్చారు. జంతువు లేకుండా ఉత్త రికార్డు వినిపించారు. చిరుత కేక వినిపిస్తే నేల మీదున్నవి చెట్టెక్కాయి. డేగ కేకకి పైకి చూశాయి, పొదల్లో దూరాయి. పాము కేకకి రెండు కాళ్ల మీద నిలబడి చుట్టూ గడ్డిలోకి తొంగి చూశాయి. అక్కడ చిరుత లేదు, డేగ లేదు, పాము లేదు. 1980లో ఈ ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాక ‘కోతులకి పదాలున్నాయి’ అని ప్రపంచమంతా మోగిపోయింది.

ఈ పద్ధతి వినడానికి సులువు, చేయడానికి నరకం. స్పీకరు పొదలో దాచాలి. రికార్డులో గొంతు ఏ కోతిదో ఆ కోతి సరిగ్గా అప్పుడు గుంపుకి కనబడకుండా, ఆ పొద వైపే ఎక్కడో ఉండాలి. ఎదురుగా కూర్చున్న కోతి తన అరుపు తనకే వెనకనుంచి వినబడితే ఆట అక్కడితో ఆఖరు. కెమెరా ముందే తిరుగుతూ ఉండాలి, చుట్టుపక్కల నిజమైన ప్రమాదం ఏదీ ఉండకూడదు. అన్నీ కుదిరాయి అనుకునేసరికి గుంపు లేచి వెళ్లిపోతుంది. (కోతి గొంతు పట్టి ఇంకో కోతికి వినిపించడం అంతకు ముందే 1890ల్లో రిచర్డ్ గార్నర్ అనే అమెరికన్ ఎడిసన్ ఫోనోగ్రాఫుతో చేశాడు. తర్వాత గబాన్ అడవికి వెళ్లి, తన కోసం ఒక బోను కట్టించుకుని తాను లోపల కూర్చుని బయట తిరిగే జంతువుల్ని గమనించాడు. శాస్త్రం సంగతి పక్కన పెడితే ఆ మనిషి ఓపికకి దండం పెట్టాలి.)

ఇక అసలు సంగతి. ఆ మూడు కేకలూ ‘పదాలే’ అయితే పిల్లలు వాటిని నేర్చుకోవాలి, చోటు మారితే అవి మారాలి, కొత్త వస్తువు వస్తే కొత్త కేక పుట్టాలి. అలా జరగదు. వెర్వెట్ పిల్ల పుట్టుకతోనే డేగ కేక పెట్టగలదు. పెట్టాల్సిన చోట పెట్టడమే తెలియదు. కొంగని చూసి పెడుతుంది, రాలుతున్న ఆకుని చూసి కూడా పెడుతుంది. పెద్దవి పైకి చూసి, నిజంగా డేగైతే తామూ అరుస్తాయి, లేకపోతే ఊరుకుంటాయి. అలా పిల్లకి ఎప్పుడు అరవాలో తెలిసొస్తుంది. అరుపు మాత్రం మొదటినుంచీ అదే.

దీనికి ఇంతకన్నా గట్టి రుజువు సెనెగల్ నుంచి వచ్చింది. అక్కడి నియోకోలో-కోబా అడవిలో ఉండే ఆకుపచ్చ కోతులు వెర్వెట్లకి దగ్గరి చుట్టాలు. జూలియా ఫిషర్ బృందం వాటి మీదుగా డ్రోన్ ఎగరేసింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత అలాంటి వస్తువుని అవి చూడలేదు. డ్రోన్‌ని చూసి అవి పెట్టిన కేక, ఎక్కడో ఖండానికి ఆ చివర తూర్పు ఆఫ్రికాలో వెర్వెట్లు డేగకి పెట్టే కేకకి అచ్చుగుద్దినట్టు దగ్గరగా ఉంది. రెండు జాతులూ విడిపోయి లక్షల ఏళ్లయినా గొంతులో ఆ కేక చెక్కుచెదరలేదు. ఇప్పుడు రెండో సగం చూడండి. ఆ తర్వాత డ్రోన్ చప్పుడు ఒక్కటే స్పీకరులో వినిపిస్తే అవి ఆకాశం వైపు చూశాయి, దాక్కోవడానికి పరుగెత్తాయి. ఒకట్రెండు అనుభవాలతోనే ఆ కొత్త చప్పుడికి అర్థం నేర్చేసుకున్నాయి. 2019లో వచ్చిన ఈ ఒక్క పరిశోధనలో నేను చెప్పదల్చుకున్నదంతా ఉంది: కొత్త కేక పుట్టలేదు, కొత్త చప్పుడికి అర్థం మాత్రం వెంటనే దొరికింది.

రీసస్ అనే జాతి కోతి పిల్లల్ని జపాన్ కోతుల గుంపులో, జపాన్ కోతి పిల్లల్ని రీసస్ గుంపులో పెంచి చూసినప్పుడూ ఇదే తేలింది. పిల్లలు పెంచినవాళ్ల యాసలోకి మారలేదు, సొంత జాతి అరుపులే అరిచాయి. పెంచిన తల్లులు మాత్రం ఆ వింత అరుపుల్ని తమ పిల్లవే అని గుర్తుపట్టడం నేర్చుకున్నాయి.

వినేవాళ్ల తెలివి ఎంత లోతైనదో చెప్పడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం మళ్లీ అంబోసెలీదే. ఒక పిల్ల కోతి ఏడుపు రికార్డు చేశారు. మూడు ఆడకోతులు ఒకచోట కూర్చుని ఉండగా వినిపించారు. అందులో ఒకటి ఆ పిల్ల తల్లి. తల్లి స్పీకరు వైపు చూసింది. మిగతా రెండూ స్పీకరు వైపు కాదు, తల్లి వైపు చూశాయి. అంటే ‘ఏదో పిల్ల ఏడుస్తోంది’ దగ్గర ఆగలేదు, ‘ఫలానా వాళ్ల పిల్ల ఏడుస్తోంది, ఆవిడ ఏం చేస్తుందో చూద్దాం’ దాకా వెళ్లాయి. ఈ సంగతి ఆ ఏడుపులో ఎక్కడా లేదు. విన్నవాళ్ల బుర్రలో ఉంది. తర్వాత బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాలో బబూన్‌లనే పెద్ద కోతుల మీద చీనీ, సెయ్‌ఫార్త్ జంట ఇంకో అడుగు ముందుకేసింది. పై హోదా ఆడది బెదిరిస్తే కింది హోదాది కీచుమనడం రోజూ జరిగేదే. రికార్డుల్ని అతికించి దాన్ని తిరగేసి, కిందిది బెదిరిస్తే పైది కీచుమన్నట్టు వినిపిస్తే వింటున్న బబూన్‌లు స్పీకరు వైపు ఎక్కువసేపు చూశాయి. ఆ తారుమారు ఒకే కుటుంబంలో జరిగితే పెద్దగా పట్టించుకోలేదు. రెండు కుటుంబాల మధ్య జరిగితే మాత్రం మరీ ఎక్కువసేపు చూశాయి. ఎవరు, ఎవర్ని, ఏం చేశారు అనేది అరుపుల వరసలోంచి పట్టుకున్నాయన్నమాట. మనం వాక్యం అర్థం చేసుకునేటప్పుడు చేసే పని ఇంతకన్నా మరీ దూరంగా లేదు.

ఇతర జాతుల అరుపులూ వింటాయి. నీలగిరి కొండముచ్చుల హెచ్చరిక కేకలు వినిపిస్తే మన దక్షిణాదిలో కనిపించే బొనెట్ కోతులు పరుగెత్తుతాయని ఉమా రామకృష్ణన్, రిచర్డ్ కాస్ 2000లో చూపించారు. మన వైపు అమ్రాబాద్‌లోనో, నల్లమలలోనో అడవి తెలిసినవాళ్లతో తిరిగి ఉంటే ఇది మీకు కొత్తకాదు. కొండముచ్చు ఖక్కుఖక్కుమని దగ్గినట్టు అరిస్తే వాళ్లు మాట ఆపేసి అది ఏ చెట్టు మీద ఉందో, ఎటు చూస్తోందో వెతుకుతారు. ఇంట్లో కుక్కర్ కూతపెడితే పప్పుడికిందని మనకి తెలుస్తుంది, మనకి చెప్పాలన్న ఉద్దేశం కుక్కర్‌కి లేకపోయినా. అర్థం పుట్టడానికి చెప్పేవాడి ఉద్దేశం తప్పనిసరి కాదు.

ఇప్పుడు మీ స్పీకరు దగ్గరికి వద్దాం. అంబోసెలీలోనే చీనీ, సెయ్‌ఫార్త్ ఒక పని చేశారు. పక్క గుంపు వస్తోందని చెప్పే కేకలు వెర్వెట్లకి రెండు రకాలు, వినడానికి వేరువేరుగా ఉంటాయి. పక్క గుంపు లేనప్పుడు ఒకే కోతి గొంతుతో మొదటి రకం కేకని పదేపదే వినిపించారు. మెల్లగా మిగతావి పట్టించుకోవడం మానేశాయి. అప్పుడు అదే కోతి గొంతుతో రెండో రకం కేక వినిపించారు. దాన్నీ పట్టించుకోలేదు! అదే రెండో రకం కేక వేరే కోతి గొంతుతో వస్తే మాత్రం మామూలుగానే స్పందించాయి. అంటే అవి అలవాటు పడింది చప్పుడుకి కాదు, ‘ఈ విషయంలో వీడి మాట నమ్మలేం’ అన్న లెక్కకి.

మీ చేలో జరిగింది దాదాపు ఇదే. ఒకే రికార్డు, ఒకే గొంతు, ఒకే కర్ర దగ్గరనుంచి, రోజూ అదే వేళకి. వెనకాల పులి వచ్చిన దాఖలా లేదు. పైగా ఆ రికార్డులోది ఎక్కడిదో ఊరూపేరూ తెలియని కోతి అయ్యుంటుంది. మీ గుంపు కోతులకి దాని మాట మీద మొదటినుంచీ గురి ఉండే అవకాశం తక్కువ. కాబట్టి ‘సరైన పదం’ దొరికితే పనైపోతుందన్న ఆశ వదులుకోండి. రికార్డులు మార్చడం, చోటు మార్చడం, ఎప్పుడు మోగుతుందో తెలియకుండా చేయడం, చప్పుడు వచ్చినప్పుడు కొన్నిసార్లయినా మనిషో కుక్కో నిజంగా తరమడం, ఇవన్నీ చేస్తే నమ్మకం కాస్త ఎక్కువ రోజులు నిలుస్తుంది. శాశ్వతంగా నిలవదు. స్పీకరు ఒక్కదానికే డబ్బు పోసేవాళ్లని నేను ఎప్పుడూ ప్రోత్సహించను.

అయితే అరిచే కోతి ఉత్త కుక్కరేనా? అక్కడే వ్యవహారం కాస్త చిక్కుపడుతుంది. ఉగాండాలోని బుడోంగో అడవిలో క్యాథరిన్ క్రాక్‌ఫర్డ్ బృందం చింపాంజీల దారిలో విషసర్పం బొమ్మ పెట్టింది. చూసిన చింపాంజీ, పక్కవాళ్లు అప్పటికే పాముని చూసి ఉంటే తక్కువగా, వాళ్లకి తెలియకపోతే ఎక్కువగా హెచ్చరించింది (2012). ఇది కోతులకన్నా మెట్టు పైన. మన దగ్గరే బందీపూర్‌లో 2018 ప్రాంతంలో అద్వైత్ దేశ్‌పాండే, శ్రీజాత గుప్తా, అనింద్య సిన్హా గమనించింది నాకు ఇంకా ఆసక్తికరం. తమలో తాము పలకరించుకోవడానికి వాడే ‘కూ’ అనే మెత్తటి అరుపుని బొనెట్ కోతులు పర్యాటకుల దగ్గర తిండి అడగడానికి వాడుతున్నాయి. చెయ్యి చాపి, మనిషి తన వైపు చూస్తున్నాడో లేదో చూసుకుని, ఇవ్వకపోతే మళ్లీ అడిగి, ఇచ్చాక ఆపేస్తున్నాయి. అరుపు పాతదే, వాడకం కొత్తది.

అరుపుల్ని కలిపి కొత్త అర్థాలు చేస్తాయా అని కూడా అడుగుతారు. ఐవరీ కోస్ట్‌లోని తాయీ అడవిలో క్యాంప్‌బెల్ కోతుల మగవి చిరుతకి ‘క్రాక్’ అంటాయి, దానికి చివర ‘ఊ’ తగిలిస్తే మామూలు అలజడి అని అర్థం. సియెర్రా లియోన్‌లో చిరుతలు లేని తివాయ్ దీవిలో అదే ‘క్రాక్’ అన్ని రకాల ప్రమాదాలకీ వాడేస్తాయి. 2025లో కాంగోలోని కొకొలొపోరిలో బోనోబోల (చింపాంజీలకి దగ్గరి చుట్టాలు) మీద సైన్స్‌లో వచ్చిన పరిశోధన, ఒక అరుపు ఇంకో అరుపు అర్థాన్ని సవరించేలా జతపడుతోందని చెప్పింది. ఇవి నిజమైన ఫలితాలే, కొట్టిపారేయను. కానీ ఇవన్నీ రెండు అరుపుల జతలు. వీటిని చూసి ‘వ్యాకరణం దొరికింది’ అని రాసే పత్రికల వాళ్లతో నాకు పేచీ ఉంది.

గొంతు సంగతి. చాలాకాలం అందరూ నమ్మింది ఏమిటంటే, మనిషి స్వరపేటిక కిందికి దిగడం వల్లే మాట వచ్చిందని, కోతుల గొంతు నిర్మాణంలో అచ్చులు పలికే చోటే లేదని. ఫిలిప్ లీబర్‌మన్ 1969లో అలా లెక్కగట్టాడు. అంతకు ముందు 1940ల చివర్లో హేస్ దంపతులు విక్కీ అనే చింపాంజీని సొంత బిడ్డలా పెంచి, పెదాలు చేత్తో పట్టి మరీ నేర్పిస్తే అది కష్టం మీద పలికింది నాలుగంటే నాలుగు ఇంగ్లీషు మాటలు: మామా, పాపా, కప్, అప్. గొంతే అడ్డం అనుకోవడం సహజమే. 2016లో టెకుమ్సే ఫిచ్, ఆసిఫ్ ఘజన్‌ఫర్ బృందం బతికున్న మకాక్ (బొనెట్, రీసస్ లాంటివి చేరే వర్గం) కోతి తింటూ, అరుస్తూ ఉండగా ఎక్స్‌రే వీడియో తీసి, ఆ గొంతు ఎన్ని ఆకారాలు తీసుకోగలదో కంప్యూటర్‌తో కొలిచింది. మాట్లాడ్డానికి సరిపడా అచ్చులు అందులో ఉన్నాయి. ఆ గొంతుతో ‘నన్ను పెళ్లి చేసుకుంటావా’ అన్న ఇంగ్లీషు వాక్యాన్ని కంప్యూటర్‌లో పలికించారు కూడా. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది కానీ మాట అర్థమవుతుంది.

గొంతులో తేడా లేదని కాదు. నిషిమురా బృందం 2022లో 43 జాతుల ప్రైమేట్ల (కోతులు, చింపాంజీల లాంటివి, మనిషి చేరే వర్గం) స్వరపేటికలు పరిశీలిస్తే, స్వరతంత్రుల అంచున ఉండే పల్చటి పొర మనిషికి తప్ప అన్నిటికీ ఉంది. ఆ పొర అరుపుకి పదును, గరుకుదనం ఇస్తుంది కానీ గొంతుని నిలకడగా ఉండనివ్వదు. మనం దాన్ని పోగొట్టుకుని స్థిరమైన గొంతు సంపాదించుకున్నాం. అయినా పెద్ద తేడా పైన, మెదడులో ఉంది. కోతి అరుపు ఎక్కువగా మెదడు లోపలి పాత భాగాల నుంచి, భావావేశాలకి దగ్గరి దారిలో వస్తుంది. అందుకే ముఖాన్ని, గొంతుని నడిపించే కార్టెక్స్ (మెదడు పైపొర) దెబ్బతిన్నా అది అరవగలదు. మనిషికి కార్టెక్స్ నుంచి స్వరపేటికని కదిలించే నాడుల దాకా నేరుగా ఒక దారి ఉంది. అనుకున్నప్పుడు, అనుకున్నట్టు గొంతు ఆడించగలిగేది దానివల్లే. మధ్యలో ఫాక్స్‌పీ2 అనే జన్యువు గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: 2001లో అది బయటపడినప్పుడు ‘భాషా జన్యువు’ అని పేరుపెట్టేశారు. దెబ్బతింటే మాట తొట్రుపడే మాట నిజం, కానీ ఒక్క జన్యువుతో భాష పుట్టిందన్న కథ నిలబడలేదు.

విక్కీ తర్వాత, గొంతుతో నేర్పడం లాభం లేదనుకున్న కొందరు చేతులవైపు, బొమ్మలవైపు వెళ్లారు. 1970ల్లో నిమ్ అనే చింపాంజీకి సైగల భాష నేర్పిన హెర్బర్ట్ టెరస్, చివరికి తన వీడియోలు తానే మళ్లీ చూసుకుని, అది ఎక్కువగా టీచర్ల సైగల్నే తిరిగి చేస్తోందని 1979లో రాశాడు. కాంజీ అనే బోనోబో కథ వేరు. దానికి ఎవరూ పాఠం చెప్పలేదు, పెంపుడు తల్లికి నేర్పుతుంటే పక్కన ఆడుకుంటూ బోర్డు మీద మాటలకి బదులుగా ఉండే బొమ్మ గుర్తుల్ని పట్టేసింది. అంతకు ముందు విననివి 660 ఇంగ్లీషు ఆదేశాలు ఇస్తే 72 శాతం సరిగ్గా చేసింది. అదే పరీక్ష రెండేళ్ల పాపకి పెడితే 66 శాతం వచ్చింది. కాంజీ బోర్డు మీద బొమ్మలు చూపిస్తూ ‘చెప్పగలిగింది’ మాత్రం ఆ దరిదాపుల్లో లేదు. ఇక్కడ కూడా వినడం ఎక్కడో ముందుంది, చెప్పడం ఎక్కడో వెనకుంది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి నేనిచ్చే జవాబు ఇది. వెర్వెట్ల డేగ కేక సాగి సాగి మన ‘డేగ’ అన్న పదం అయ్యిందని నేను అనుకోను. మనకీ అలాంటి కేకలు ఇప్పటికీ విడిగానే ఉన్నాయి: కెవ్వుమనడం, నవ్వు, ఏడుపు. అవి ఏ పిల్లకీ నేర్పక్కర్లేదు. భాష వాటి పక్కన, వేరే దారిలో వచ్చింది. ఎవరు ఎవరితో ఏం చేశారో చప్పుళ్లలోంచి ఊహించే మెదడు మాత్రం మనకన్నా చాలా ముందునుంచే సిద్ధంగా ఉంది. గొంతు మీద పట్టు చిక్కాక ఆ మెదడుకి అందించడానికి మనకి సరుకు దొరికింది. మొదటి అడుగు చేతి సైగలతో పడిందా, గొంతుతోనా అన్న పాత తగవులో నేను ఏ పక్షమూ పూర్తిగా కాదు. బందీపూర్ కోతిలా చెయ్యి, గొంతు రెండూ కలిపే వాడి ఉంటారనిపిస్తుంది.

నా వాదానికి ఎదురు తిరిగే జంతువు ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. దక్షిణ అమెరికా మార్మోసెట్, గుప్పెట్లో పట్టే కోతి. ఒకటి పలికాక రెండోది దాదాపు 5 సెకన్లు ఆగి మరీ బదులిస్తుందని 2013లో తేలింది. తల్లిదండ్రులు ఎక్కువగా బదులిచ్చే పిల్లల అరుపులు త్వరగా పెద్దవాటి అరుపుల్లా మారతాయని 2015లో తేలింది. 2024లో జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీ వాళ్లు, ఇవి ఒక్కొక్కరినీ ఒక్కో తరహా అరుపుతో పిలుస్తాయని, ఒకే కుటుంబంలోవి ఒకే పిలుపు వాడతాయని చూపించారు. మనకి దగ్గరి చుట్టమైన చింపాంజీ చేయనిది, దాదాపు 4 కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన ఈ చిన్న ప్రాణి చేస్తోంది. మార్మోసెట్లలో పిల్లల్ని తల్లి ఒక్కతే కాదు, తండ్రి, అన్నలు, అక్కలు అందరూ మోస్తారు. మనుషుల్లోనూ అంతే, చింపాంజీల్లో అలా ఉండదు. పిల్ల నలుగురి దృష్టిలో పడాలంటే గొంతుని మలుచుకోక తప్పదేమో అని కొందరి వాదన. నాకు అందులో పస కనిపిస్తోంది. అరుపు మారదని పై పేరాల్లో నేను చెప్పినదాన్ని మార్మోసెట్లకి మాత్రం వర్తింపజేయకండి.